పాత కంప్యూటరు మధ్యలో ఆగిపోతే...



మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల్లో చాలా ఇండ్లలో ముందుగది మూలన, పైన పాత చీర ముక్కో టవలో కప్పిన ఒక కంప్యూటరు కనబడుతుంది. కొడుకు ఇంజనీరింగు చదివే రోజుల్లో కొన్నది. ఆ కొడుకు ఇప్పుడు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉన్నాడు, కంప్యూటరు మాత్రము ఇంట్లోనే ఉండిపోయింది. ఇంటాయన దానిమీద సంఘము లెక్కలు రాసుకుంటాడు. కోడలు పిల్లల ఫొటోలు దాచుకుంటుంది. పెండ్లిపత్రికలు, క్రిస్మసు నాటకములు, ఆదివారపు బడి పిల్లల పాటలు అందులోనే టైపు అవుతాయి. పదిహేనేండ్లు నిండినా అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఒకనాడు సగము పేజీ టైపు చేసిన తరువాత తెర మీద చిన్న పెట్టె ఒకటి లేచి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, ప్రోగ్రామును మూసివేస్తుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే వరుస.

అప్పుడు మన ఇండ్లలో ఏమి జరుగుతుందో మీకు తెలుసు. ఒకరు డబ్బాను చేతితో చరుస్తారు. ఇంకొకరు స్విచ్చి ఆపి మళ్లీ వేస్తారు. చివరకు మండల కేంద్రములో షాపు పెట్టుకున్న పిల్లవానికి ఫోను చేస్తే, అతడు కంప్యూటరును చూడకముందే "ఫార్మాట్ కొట్టాలె అన్నా" అంటాడు. ఆ ఒక్క మాటకు తల ఊపి, పదేండ్ల కుటుంబ ఫొటోలు, రాతలు అన్నీ పోగొట్టుకున్న ఇండ్లు నేను చూశాను. అందుకే ఈ నెల ఈ సంగతి కొంచెము వివరముగా రాస్తున్నాను.

ప్రోగ్రాము ఆగిపోవడము జ్వరము వంటిది. దోమ కుట్టినా జ్వరము వస్తుంది, కాలికి దిగిన ముల్లు చీము పట్టినా జ్వరము వస్తుంది. కారణము చూడకుండా ఫార్మాట్ చేయడమంటే, జ్వరము వచ్చినవానికి ముందే ఆపరేషను చేయడమే. పైగా కారణము వేడిలోనో దుమ్ములోనో ఉంటే, ఫార్మాట్ చేసిన వారము రోజులకు అదే జ్వరము మళ్లీ వస్తుంది. పోయిన ఫైళ్లు మాత్రము తిరిగి రావు.

పెట్టెలోని మాటకు అర్థము

విండోస్ 98 వాడిన రోజుల్లో, ఈ ప్రోగ్రాము చట్టవిరుద్ధమైన పని చేసింది, కనుక మూసివేయబడుతుంది అనే అర్థము వచ్చే వాక్యము కనబడేది. పెద్దపల్లి వైపు ఒక ఇంట్లో మనుమడు దానిని తెలుగులో చదివి వినిపిస్తే నాయనమ్మ గుండె గుభేలుమన్నది. "గిదేం లొల్లి బిడ్డా! మనమేం తప్పు జేసినం? పోలీసోళ్లు వస్తరా?" అని అడిగింది. మనము నవ్వుకుంటాము గాని, ఆ వాక్యము రాసినవారు ఇట్టి నాయనమ్మలను తలచుకొని రాయలేదు. తరువాత 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కొంచెము మర్యాద నేర్చుకొని, సమస్య ఎదురైంది, అసౌకర్యమునకు చింతిస్తున్నాము అన్నది. 2009లో వచ్చిన విండోస్ 7 ఇంకా క్లుప్తముగా, ఫలానా ప్రోగ్రాము పని చేయడము ఆగిపోయింది అని ఊరుకున్నది. మాటలు మారాయి గాని చాలాసార్లు లోపల జరిగేది ఒక్కటే.

చెరువు కింది ఆయకట్టును గుర్తుకు తెచ్చుకోండి. ఎవరి మడి వారిది, నడుమ గట్టు ఉంటుంది, ఎవరికి ఎంత నీరు అన్నది నీరటికాడు చూస్తాడు. కంప్యూటరులో ర్యామ్ అనే జ్ఞాపకశక్తి ఆ ఆయకట్టు వంటిది. విండోస్ నీరటికాడు. తెరిచిన ప్రతి ప్రోగ్రామునకు కొన్ని మడులు ఇస్తాడు. ఏదైనా ప్రోగ్రాము దారి తప్పి తనది కాని మడిలో చెయ్యి పెట్టబోతే, లేదా అసలు లేని మడిని వెదకబోతే, ప్రాసెసరు దానిని పట్టుకుంటుంది, విండోస్ దానిని బయటకు పంపిస్తుంది. మిగిలిన ప్రోగ్రాములను కాపాడడానికే ఇదంతా. పెట్టెలో సున్నా, ఎక్స్ అనే గుర్తులతో మొదలయ్యే పొడవాటి సంఖ్య కనబడితే, అది చాలాసార్లు ఆ మడి యొక్క సర్వే నంబరు వంటిదే. దానిని చూసి భయపడవలసిన పని లేదు.

ఈ తప్పు పాత కంప్యూటర్లకే వస్తుందనుకోకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు వలన ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి ఆగిపోయాయి. ఇరవై విలువలు మాత్రమే అందుకొనేలా రాసిన ప్రోగ్రాము ఇరవై ఒకటవ విలువ కొరకు వెదకింది. అది అక్కడ లేదు. లేని మడిలో కాలు పెట్టింది, అంతే. హైదరాబాదు విమానాశ్రయములో ఆ రోజు బోర్డింగు పాసులు చేతితో రాసి ఇచ్చారు. దానికి చేసిన వైద్యము ఏమిటో తెలుసా? కంప్యూటరును సేఫ్ మోడ్‌లో తెరచి ఆ ఒక్క ఫైలును తీసివేయడము. ఎవరూ ఫార్మాట్ చేయమని చెప్పలేదు. మీ ఇంట్లోని పాత డబ్బాలో కూడా ఆ సేఫ్ మోడ్ ఉన్నది. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 అయితే స్విచ్చి వేసిన వెంటనే కీబోర్డు పై వరుసలోని ఎఫ్ 8 మీటను టపటపా నొక్కుతూ ఉండండి. నల్లని తెర మీద జాబితా వస్తుంది. అందులో సేఫ్ మోడ్ ఎంచుకుంటే అత్యవసరమైన సామగ్రితో మాత్రమే కంప్యూటరు తెరుచుకుంటుంది.

ముందు కాగితములు, తరువాత మరమ్మతు

మందమర్రిలో సింగరేణి నుండి రిటైరయిన ఒక పెద్దాయన ఉండేవారు. గనిలో పని చేసి వచ్చి రాత్రిపూట పాటలు రాసేవారు. రిటైరయిన తరువాత టైపు నేర్చుకొని, తన పాటలు అరవై దాకా తానే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఎక్కించుకున్నారు. ఆయన చనిపోయిన రెండేండ్లకు ఆ కంప్యూటరులో పేజ్‌మేకర్ తెరిచినప్పుడల్లా మూసుకుపోవడము మొదలైంది. బాగు చేయడానికి వచ్చిన అబ్బాయి సీడీ చేతిలో పట్టుకొని కూర్చున్నాడు కూడా. కోడలు అడ్డుపడ్డది. "మా మామ పాటలు అండ్లనే ఉన్నయ్ తమ్మీ. అవి బయటికి తీసినంకనే ఏదన్న చెయ్యి" అన్నది. నోటుపుస్తకములు ఏవని అడిగితే చెదలు తిన్నాయని చెప్పింది. ఆ పాటలకు లోకములో ఉన్న ఒకే ఒక ప్రతి ఆ హార్డుడిస్కులో ఉన్నది.

ఇట్టి ప్రతులు మన సంఘములలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. కనుక ప్రోగ్రాము మొదటిసారి మొరాయించిన రోజే, బాగు చేయడము సంగతి పక్కనబెట్టి, ఉన్నదంతా వేరొక చోటికి ఎక్కించండి. పెన్‌డ్రైవు ఒకటి, దానికి తోడు ఇంకొకరి కంప్యూటరో ఫోనో మరొకటి. రెండు చోట్ల ఉండాలి.

ఏమేమి ఎక్కించాలి అన్నదగ్గర చాలామంది తడబడతారు. మై డాక్యుమెంట్స్ ఒక్కటి తీసి చాలనుకుంటారు. మన ఇండ్లలో సగము ఫైళ్లు డెస్కుటాపు మీదనే పరచి ఉంటాయి, అదీ తీయాలి. డౌన్‌లోడ్స్ చూడాలి. డి డ్రైవు ఉంటే అదీ చూడాలి. పేజ్‌మేకర్‌లో పని చేసేవారు మరొక సంగతి ఎరుగవలెను. పేజీలో కనబడే పెద్ద చిత్రములు చాలాసార్లు ఆ ఫైలు లోపల ఉండవు. అవి వేరే ఫోల్డరులో ఉంటాయి, పేజీలో వాటి చిరునామా మాత్రమే ఉంటుంది. అందుచేత ఒక్క ఫైలును కాక మొత్తము ఫోల్డరును తీసుకోండి.

ఇక తెలుగు ఫాంట్లు. అను వంటి పాత పద్ధతిలో టైపు చేసిన ఫైలులో నిజానికి తెలుగు అక్షరములు ఉండవు. ఇంగ్లీషు అక్షరముల, గుర్తుల సంఖ్యలే ఉంటాయి. వాటికి తెలుగు బట్టలు తొడిగేది ఫాంటు. ఫాంటు పోతే ఫైలు మిగిలినా అందులోని పాట పిచ్చి గీతలుగా కనబడుతుంది. కనుక కంట్రోల్ ప్యానెల్‌లోని ఫాంట్స్ ఫోల్డరు తెరచి మీరు వాడే ఫాంట్లను కూడా ఎక్కించుకోండి. యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో 1991 నుండే తెలుగునకు సొంత సంఖ్యలు ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు పనిలో పాత పద్ధతి చాలాకాలము కొనసాగింది. పాత రాతను యూనికోడులోకి మార్చే పరికరములు ఉన్నాయి గాని అవి ఒత్తుల దగ్గర పొరబడుతుంటాయి. మార్చిన ప్రతిని ఒక మనిషి కూర్చొని చదవవలసిందే.

కంప్యూటరు అసలే తెరుచుకోకపోతే? అప్పుడు కూడా ఫైళ్లు పోయాయని కాదు. హార్డుడిస్కును విప్పి, యూఎస్‌బీ తీగతో మరొక కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లు కనబడతాయి. చాలా పాత డిస్కులకు వెడల్పాటి పట్టీ తీగ ఉంటుంది, దానిని ఐడీఈ అంటారు. తరువాతివాటికి సన్నని సాటా తీగ. రెండింటికీ పనికివచ్చే కలుపుడు తీగలు దొరుకుతాయి. షాపు అబ్బాయిని ఫార్మాట్ చేయమని అడగకుండా, డిస్కు తగిలించి డేటా తీసి ఇవ్వమని అడగండి. డిస్కు నుండి టక్ టక్ మని గోరుతో కొట్టినట్లు శబ్దము వస్తుంటే మాత్రము ఇక దానిని మాటిమాటికి తిప్పకండి. అది ఎన్నిసార్లు తిరిగితే అంత నష్టము.

రాసిపెట్టుకున్న మాట

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు వారి మార్క్ 2 అనే గది నిండా ఉండే కంప్యూటరు తప్పుగా పని చేసింది. విప్పి చూస్తే లోపల రిలే మధ్య ఒక చిమ్మెట ఇరుక్కొని చచ్చి ఉన్నది. ఆ పని చేస్తున్నవారు చిమ్మెటను తీసి పారవేయలేదు. ఆనాటి పనుల పుస్తకములో టేపుతో అతికించి, సమయము వేసి, పక్కన నాలుగు మాటలు రాశారు. ఆ పేజీ నేటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియములో భద్రముగా ఉన్నది. కంప్యూటరు తప్పులను బగ్ అనడము అంతకు ముందే ఉన్నా, ఈ చిమ్మెట వలన ఆ మాటకు పేరు వచ్చింది.

మన ఇంట్లో కూడా కంప్యూటరు పక్కన ఒక చిన్న నోటుపుస్తకము ఉండాలి. పెట్టె లేచినప్పుడు వెంటనే ఓకే నొక్కివేయకండి. ఇంగ్లీషు రాకపోయినా ఫోనుతో ఒక ఫొటో తీయండి. తరువాత పుస్తకములో తారీఖు, గంట, ఏ ప్రోగ్రాము, ఆ సమయమున ఏమి చేస్తున్నారు అన్నది రాయండి. ముఖ్యముగా, ఇది మొదలు కావడానికి ముందు ఇంట్లో ఏమి మారింది? కొత్త ప్రింటరు పెట్టారా, మేనల్లుడు వచ్చి గేము ఎక్కించాడా, పిడుగులు పడ్డ రాత్రి ప్లగ్గు తీయలేదా? వైద్యుడు కూడా నిన్న ఏమి తిన్నారని అడిగిన తరువాతనే మందు రాస్తాడు.

మీరు రాయకపోయినా విండోస్ కొంత రాసుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో అడ్మినిస్ట్రేటివ్ టూల్స్ అనేచోట ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టా ఉన్నది. అందులో అప్లికేషన్ అన్న భాగము తెరిస్తే ఎర్ర గుర్తులతో ఆగిపోయిన ప్రోగ్రాముల పేర్లు, ఏ ఫైలు దగ్గర తప్పు జరిగిందో దాని పేరు కనబడతాయి. విండోస్ 7లో అయితే రిలయబిలిటీ హిస్టరీ అనే పట్టిక ఇంకా సులువు. తేదీల వారీగా ఎర్రని ఇంటూ గుర్తులు ఉంటాయి. ప్రతిసారీ అదే ఫైలు పేరు వస్తున్నదా, లేక రోజుకొక పేరు వస్తున్నదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగము పని అయినట్లే. ఒకే పేరైతే ఆ ప్రోగ్రాములోనో దానికి సంబంధించినదానిలోనో లోపము. రోజుకొక పేరైతే అనుమానము యంత్రము మీద పెట్టాలి.

ఒక్క ప్రోగ్రామే ఆగుతుంటే

మొదట వేరే ఫైలుతో ప్రయత్నించండి. కొత్త ఖాళీ పేజీ బాగా పని చేసి, క్రిస్మసు నాటకము తెరిస్తేనే ఆగిపోతుంటే, చెడింది ఆ ఫైలు, ప్రోగ్రాము కాదు. సి డ్రైవు నిండిపోయిందేమో చూడండి. విండోస్ 7లో దాని గీత ఎర్రబడితే పదోవంతు కూడా ఖాళీ లేదని గుర్తు. పేరు చివర డి ఎల్ ఎల్ అని ఉన్న ఫైలు లేదని చెప్పితే, ఆ ఫైలును ఎక్కడెక్కడినుండో ఇంటర్నెట్టులో తెచ్చి పెట్టకండి, వైరసులు వచ్చే దారుల్లో అదొకటి. ఆ ప్రోగ్రామును తీసివేసి మళ్లీ ఎక్కించండి. పాత ప్రోగ్రాము కొత్త విండోస్‌లో మొరాయిస్తే, దాని గుర్తు మీద మౌసు కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అన్నచోట విండోస్ ఎక్స్‌పీ అని ఎంచి చూడండి. 64 బిట్ల విండోస్‌లో మాత్రము విండోస్ 3.1 కాలము నాటి 16 బిట్ల ప్రోగ్రాములు ఏమి చేసినా నడువవు.

మందమర్రి ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. హార్డుడిస్కు తీసి పాటలన్నీ మరొక కంప్యూటరుకు ఎక్కించిన తరువాత తీరికగా అడిగితే, ఆ ఇంటి కాలేజి పిల్లవాడు ఒక సీడీ నుండి మూడు వందల కొత్త ఫాంట్లు ఎక్కించాడని తేలింది. జబ్బు ఆ వారమే మొదలైంది. పాడైన ఫాంటు ఒక్కటి ఉన్నా దానిని చదవబోయే ప్రోగ్రాము కూలవచ్చు. మూడు వందలలో ఆ ఒక్కటి ఏది? ఒక్కొక్కటి తీసి చూస్తే రెండు రోజులు పడుతుంది. కోడలు ఒడ్లు పాలు పంచినట్లు పంచింది. నూట యాభై తీసి చూసింది, బాగానే పని చేసింది. అంటే దొంగ తీసినవాటిలో ఉన్నాడు. అందులో సగము తిరిగి పెట్టింది, మళ్లీ ఆగింది. మళ్లీ సగము. తొమ్మిదిసార్లు పంచేసరికి ఒక్క ఫాంటు మిగిలింది. దానిని తీసివేస్తే పేజ్‌మేకర్ ఎప్పటివలె నడిచింది. ఈ సగము సగము పద్ధతి అన్నిటికీ పనికివస్తుంది. కంప్యూటరు మొదలుకాగానే తమంతట తాము తెరుచుకునే చిన్న చిన్న ప్రోగ్రాములలో దొంగను పట్టడానికి కూడా ఇదే దారి.

కొన్నిసార్లు తప్పు మీదీ కాదు, యంత్రానిదీ కాదు. దీనికి మన భాషలోనే మంచి ఉదాహరణ ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోనులు ఒక తెలుగు అక్షరమును చూపబోయి కూలిపోయాయి. ఆ అక్షరము 'జ్ఞా'. సామెతల గ్రంథము తెరిస్తే పుటపుటకూ కనబడే జ్ఞానమునకు మొదటి అక్షరము! మామూలుగా రాసిన 'జ్ఞా' వలన ఇబ్బంది లేదు. జకారము, దాని కింద ఞ వత్తు, ఆ తరువాత కంటికి కనబడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘము, ఈ వరుసలో వస్తే అక్షరములను కూర్చే ప్రోగ్రాము దారి తప్పేది. ఎవరైనా వాట్సాపులో దానిని పంపితే అందుకున్నవారి వాట్సాపు మూసుకుపోయేది. దానిని సరదాకు పంపి ఏడిపించినవారూ ఉన్నారు. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు 11.2.6 అనే కొత్త కూర్పు ఇచ్చి దానిని సరిచేశారు. వేల రూపాయల ఫోను కూలింది ఒక తెలుగు వత్తు వలన అంటే, మన పాత డబ్బా తెలుగు పేజీ దగ్గర తడబడడము వింత కాదు. కాబట్టి ప్రోగ్రామునకు కంపెనీవారు ఇచ్చిన సవరణలు ఉంటే ముందు అవి వేసుకోండి.

రోజుకొక ప్రోగ్రాము ఆగుతుంటే

ఇది మన ప్రాంతపు జబ్బు అనవచ్చు. మే నెలలో రామగుండము, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ఇండ్లలో బొగ్గు దుమ్ము. ఆదిలాబాద్ వైపు పత్తి సీజనులో గాలిలో తేలే నూగు. ఈ దుమ్ము, నూగు కలిసి ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కల వెనుక దుప్పటి వలె పట్టుకుంటాయి. పైన మీరు కప్పిన టవలు ఒకటి! కంప్యూటరు నడిచేటప్పుడు దాని మీద ఏమీ కప్పకండి, గోడకు ఆనించి పెట్టకండి. ఉదయము బాగా నడిచి మధ్యాహ్నము రెండింటికి ఆగిపోతుంటే అది వేడి పని అని తొంభైపాళ్లు అనుకోవచ్చు.

శుభ్రము చేసేటప్పుడు ప్లగ్గు తీసి, ఒకసారి పవరు బటను నొక్కి వదిలి, అప్పుడు పక్క రేకు విప్పండి. మెత్తని పెయింటు బ్రష్షు చాలు. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకొని దుమ్ము దులపండి, గాలికి అది విపరీతముగా తిరిగితే చెడుతుంది. పంక్చరు షాపు గాలి పట్టించేవారున్నారు. ఆ గాలిలో తేమ ఉంటుంది, వద్దు. తడి గుడ్డ అసలే వద్దు. కరెంటు వచ్చే ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రము ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అందులో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

తరువాత ర్యామ్ పట్టీ. రెండు చివరల క్లిప్పులు వెనక్కి వంచితే పైకి వస్తుంది. దాని అడుగున ఉన్న బంగారు రంగు పళ్లను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, తిరిగి టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. మన షాపులవాళ్లు చేసే మొదటి పని ఇదే, అది సరైనదే. రెండు పట్టీలు ఉంటే ఒక్కొక్కటే పెట్టి రెండు రోజులు నడిపి చూడండి. విండోస్ 7లో స్టార్టు దగ్గర మెమరీ అని టైపు చేస్తే మెమరీ డయాగ్నోస్టిక్ అనే పరీక్ష దొరుకుతుంది, అది ర్యామ్ మంచిచెడులు చెప్పుతుంది. హార్డుడిస్కునకు పరీక్ష, సి డ్రైవు మీద కుడి బటను నొక్కి ప్రాపర్టీస్‌లో టూల్స్ అనేచోట ఉంటుంది. ఫైళ్లు బయటకు ఎక్కించక ముందు ఈ డిస్కు పరీక్ష పెట్టకండి.

మదర్‌బోర్డు మీద నిలబడ్డ చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లను కూడా ఒక చూపు చూడండి. వాటి తల చదునుగా ఉండాలి. ఉబ్బి, గోధుమరంగు రసము కారినట్లు ఉంటే అదే జబ్బు. 2000 సంవత్సరమునకు అటూ ఇటూ తయారైన బోర్డులలో నాసి కెపాసిటర్ల వలన ఇది ప్రపంచమంతా కనబడింది. టీవీ బాగు చేసేవారు వాటిని మార్చగలరు.

తారీఖు ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డు మీది గుండ్రని బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సి ఆర్ 2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము అని ఆ అంకెల అర్థము. తారీఖు తప్పుగా ఉంటే బ్యాంకు వెబ్‌సైట్లు తెరుచుకోవు, కొన్ని ప్రోగ్రాములు గడువు తీరిందని మూసుకుపోతాయి. ఇంత చిన్న బిళ్లకు కంప్యూటరునే మార్చినవారున్నారు.

ఇక కరెంటు. మోటార్లు అన్నీ ఒకేసారి వేసినప్పుడు వోల్టేజి పడిపోయే ఊర్లలో యూపీఎస్ లేకుండా కంప్యూటరు నడపడము, బ్రేకులు లేని బండి నడపడము ఒకటే. రాసే మధ్యలో కరెంటు పోతే ఆ క్షణమున డిస్కు మీదికి పోతున్న ఫైలు సగములో తెగుతుంది. మరుసటి దినము అదే ఫైలు ప్రోగ్రామును కూల్చుతుంది.

ఫార్మాట్ తప్పనప్పుడు

అన్నీ చూసిన తరువాత కూడా మారకపోతే, లేక పెన్‌డ్రైవుల ద్వారా వైరసు లోపలంతా పాకి ఉంటే, ఫార్మాట్ చేయించవలసిందే. దానిని నేను కాదనడము లేదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ వారి సవరణలు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. గూగుల్ క్రోము 2023 మొదటినుండి విండోస్ 7కు కొత్త కూర్పులు ఇవ్వడము లేదు. ఇట్టి యంత్రములో ఇంటర్నెట్టు ప్రోగ్రాము కూలుతుంటే బాగు చేయబోయి విసిగిపోకండి. నెట్టు పని ఫోనులో చేసుకొని, కంప్యూటరును నెట్టు తీగ లేకుండా టైపు పనికి, లెక్కలకు, ఫొటోలకు ఉంచుకుంటే అది ఇంకా కొన్నేండ్లు సేవ చేస్తుంది. లినక్సు అనే ఉచిత పద్ధతి పాత యంత్రములలో చక్కగా నడుస్తుంది గాని, పేజ్‌మేకర్, అను వాడేవారికి అది ఇబ్బందే.

ఫార్మాట్ చేసేవాడు వచ్చినప్పుడు మీరు పక్కనే కూర్చోండి. ఎక్కించుకున్న ఫైళ్లలో నాలుగైదింటిని వేరే కంప్యూటరులో తెరచి, తెలుగు సరిగా కనబడుతున్నదో లేదో చూసిన తరువాతనే కానివ్వండి. వీలైతే పాత హార్డుడిస్కును అలాగే విప్పి పక్కన పెట్టి, వేరొక డిస్కులో కొత్తగా విండోస్ వేయించండి. మందమర్రి కోడలు చివరకు అదే చేసింది. ఆ పాత డిస్కును కాగితములో చుట్టి, పైన మామ పేరు, తారీఖు రాసి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. అరవై పాటలలో నలభై రెండు ఈపాటికి యూనికోడులోకి మారాయి, మిగిలినవాటి ఒత్తులు ఆమె రాత్రిపూట కూర్చొని సరిచేస్తున్నది.